కణాలెక్కించాక కాళ్లు తేలిపోతుంటే

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే జబ్బు గురించి ఉన్నాయి. మన దక్షిణ ఒడిశాలోని గుణుపురం, రాయగడ, పర్లాకిమిడి నుంచి. రాసినవాళ్లు ఒకరికొకరు తెలిసే అవకాశం లేదు, అయినా మూడింటిలోనూ ఒకే మాట కనబడింది: స్టెమ్ సెల్, అంటే కొత్త కణాల్ని పుట్టించే మూలకణం. అందుకని షుగరు, మోకాళ్ల నొప్పుల ఉత్తరాలు వచ్చే నెలకి వాయిదా వేశాను, ఏమనుకోవద్దు.

జబ్బు పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్, అందరూ ఎమ్మెస్ అంటారు. ఒంటిని కాపాడాల్సిన తెల్ల రక్తకణాలే దారి తప్పి మెదడులోనూ వెన్నుపాములోనూ నరాల మీదుండే మైలిన్ తొడుగుని కొరికేస్తాయి. ఒకసారి కన్ను మసకబారుతుంది, కొన్నాళ్లకి బాగవుతుంది, ఇంకోసారి నడుం కింద నుంచి తిమ్మిరి. వచ్చి పోతూ ఉంటుంది కాబట్టి మన వైపు చాలాకాలం దీన్ని గాలి సోకిందనో వాతమనో సరిపెట్టుకున్నారు. నా దగ్గరకొచ్చిన ఒకావిడని అంతకుముందు నాలుగేళ్ల పాటు 'నీరసం, టెన్షన్' అని బలం మందులు ఇచ్చి పంపుతూనే ఉన్నారు.

ఇక ఉత్తరాలు.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా ఆవిడకి 34 ఏళ్లు. ఆరేళ్లుగా ఎమ్మెస్. ఇంజెక్షన్లు వాడుతున్నా ఏడాదికి రెండుసార్లు తిరగబెట్టేది. చివరికి ఎకరంన్నర పొలం అమ్మి వేరే రాష్ట్రంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. ఆమె కణాలే తీసి దాచి, కీమో ఇచ్చి, మళ్లీ ఎక్కించారు. ఇంటికొచ్చి 23 రోజులైంది. వెళ్లేటప్పుడు గోడ పట్టుకుని నడిచేది, ఇప్పుడు మంచం దిగాలంటే ఇద్దరం పట్టుకోవాలి. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడుతోంది, మాట తడబడుతోంది, పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి మర్చిపోతోంది. మా అత్తగారు 'ఉన్న నరాలు కూడా చంపేశార్రా' అని ఏడుస్తోంది. జబ్బు తిరగబెట్టిందా, వైద్యం వికటించిందా?
– ఒక భర్త, గుణుపురం

జవాబు: బాబూ, మీ ఉత్తరం అందిన రోజే ఫోన్ చేశాను. పత్రిక అచ్చయ్యేదాకా ఆగే ప్రశ్న కాదిది. ఆ రోజు మనం మాట్లాడుకున్నదీ తర్వాత జరిగిందీ మీ అనుమతితోనే ఇక్కడ రాస్తున్నాను, ఇంకెవరికైనా పనికొస్తుందని.

ఫోన్లో నేనడిగిన మొదటి ప్రశ్న మీకు గుర్తుండే ఉంటుంది. కాళ్ల గురించి అడగలేదు, థర్మామీటరు పెట్టారా అని అడిగాను. 'వెచ్చబడుతోంది' అనడం వేరు, 101 అని చూసి చెప్పడం వేరు. పెట్టి చూస్తే 101 దాటింది. మర్నాడు మూత్రపరీక్షలో ఇన్ఫెక్షన్ బయటపడింది, మందులు పడ్డాయి, ఎనిమిదో రోజుకి ఆవిడ మళ్లీ గోడ పట్టుకుని నడిచారు. మాట తడబాటూ పోయింది. అంటే తిరగబెట్టనూ లేదు, నరాలు చావనూ లేదు.

మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే కాళ్లు పడిపోవడమేమిటని మీ బావమరిది నమ్మలేదట. తొడుగు పోయిన నరం వేడికి తట్టుకోలేదు. ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా అందులో సంకేతం నడవడం తగ్గిపోతుంది, ఎక్కడెక్కడ పాత దెబ్బలున్నాయో ఆ లక్షణాలన్నీ పైకి తేలతాయి. వేడి దిగితే మళ్లీ అణిగిపోతాయి. జర్మనీ కంటి డాక్టరు ఊట్‌హాఫ్ 1890లో దీన్ని రాసిపెట్టాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. స్కానింగులు లేని రోజుల్లో రోగిని వేడినీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి, లక్షణాలు పెరిగితే ఎమ్మెస్ అయ్యుంటుందని అనుకునేవారు, ఇప్పుడు ఎవరూ ఆ పని చేయరు లెండి. మన గుణుపురం మే నెల ఎండ, పైన కరెంటు కోత, ఇవి చాలు అదే పరీక్ష మళ్లీ పెట్టినట్టు ఉండటానికి. కాబట్టి ఈ వైద్యం చేయించుకున్నవాళ్లకి ఏ లక్షణం పెరిగినా ముందు జ్వరం వెతకాలి, నరం సంగతి తర్వాత.

ఇక మీ అత్తగారి మాటకొస్తాను. ఆవిడ అన్నది పూర్తిగా తప్పని నేననను. ఈ వైద్యం నరాల మీద కొంత దెబ్బ వేస్తుంది, అది దాచాల్సిన సంగతి కాదు, ఆసుపత్రిలో ముందే కూర్చోబెట్టి చెప్పాల్సింది. అర్థం కావాలంటే అక్కడ అసలు ఏం చేశారో తెలియాలి. కణాలు వెళ్లి నరాలని బాగుచేస్తాయని చాలామంది అనుకుంటారు. చెయ్యవు. పని చేసేది కీమో. దారి తప్పిన రోగనిరోధక కణాలని కీమో తుడిచిపెట్టేస్తుంది, దాంతోపాటు ఎముక మూలగ కూడా ఖాళీ అయిపోతుంది, ఆ మూలగని మళ్లీ నింపడానికే ముందు తీసి దాచిన కణాలు. కొత్తగా పుట్టే రోగనిరోధక వ్యవస్థ పాత పగ మర్చిపోయి ఉంటుందని ఆశ. 1995లో గ్రీసు దేశం థెస్సలొనీకీలో మొదటిసారి ఎమ్మెస్ రోగులకి ఇది చేశారు, అప్పటి నుంచీ సూత్రం ఇదే. పోయిన తొడుగుని తిరిగి వేయడం ఇందులో లేదు. కొత్త దాడులు ఆగితే, ఇన్నాళ్లూ దెబ్బ తింటూ వచ్చిన నరాలు తేరుకుని కొందరికి నడక మెరుగుపడుతుంది, అది వేరే సంగతి.

కాబట్టి నరాల ఇబ్బంది ఏదొచ్చినా 'ఏమైంది' కన్నా 'ఎన్నో రోజున మొదలైంది' అన్నదే నాకు ముఖ్యం. కణాలెక్కించిన రోజుని సున్నా అనుకుని లెక్కపెట్టండి. ఆసుపత్రి వాళ్లూ అలాగే లెక్కపెడతారు, డిశ్చార్జి కాగితం మీద కూడా అలాగే ఉంటుంది.

సున్నాకి ముందు, కణాలు రక్తంలోకి దిగడానికి జీసీఎస్ఎఫ్ ఇంజెక్షన్లు వేస్తారు. ఎముకలు విరుచుకుపోయే నొప్పి వస్తుంది, అందరికీ తెలిసిందే. తక్కువమందికి తెలిసింది ఏమిటంటే ఆ ఇంజెక్షన్ ఒక్కటే వేస్తే ఎమ్మెస్ అప్పటికప్పుడే తిరగబెట్టవచ్చు. అందుకే దానికి తోడుగా సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందో స్టెరాయిడ్లో ఇస్తారు. తర్వాత అసలు కీమో. ఏ మందు వాడారన్నదాన్ని బట్టి ఉంటుంది: బుసల్ఫాన్ అయితే ఫిట్స్ వచ్చే గుణం దానికి ఉంది, ముందే ఫిట్స్ రాకుండా మాత్రలు మొదలుపెడతారు. బీమ్ అని నాలుగు మందుల కలయిక ఉంది, మొత్తంగా ఒంటికి బరువు. సైక్లోఫాస్ఫమైడ్ మెదడు విషయంలో కొంత నయం, కానీ మూత్రాశయాన్ని ఒరిపిడి పెడుతుంది, ఎమ్మెస్ వల్ల మూత్రం సరిగా పోనివాళ్లకి అదీ తలనొప్పే. ఏటీజీ అనే మందు ఎక్కిస్తున్నప్పుడు చలీ జ్వరమూ వస్తాయి, ఆ జ్వరంలో కాళ్లు పూర్తిగా పడిపోయినట్టు అనిపించి రోగి హడలిపోతాడు, పక్కనున్నవాళ్లు ఇంకా ఎక్కువ. అది ఊట్‌హాఫే. బీపీ బాగా పెరిగి తలనొప్పి, చూపు చెదరడం, ఫిట్స్ కలిసొస్తే మాత్రం మెదడు వెనక భాగంలో వాపు వచ్చిందేమో చూడాలి. అరుదు, త్వరగా పట్టుకుంటే దాదాపుగా తగ్గిపోతుంది.

సున్నా రోజున గదంతా వెల్లుల్లి వాసన వస్తే కంగారుపడొద్దు, కణాలు గడ్డకట్టించి దాచడానికి వాడిన రసాయనం వాసనది. పదో రోజూ పన్నెండో రోజూ ప్రాంతంలో కొత్త కణాలు పుట్టడం మొదలవుతుంది, అప్పుడూ ఒకసారి జ్వరం రావచ్చు. అంటే మొదటి నెల మొత్తం జ్వరాల కాలం, జ్వరం వచ్చినన్నాళ్లూ కాళ్ల మీద తీర్పు చెప్పకూడదు.

జ్వరం లేకుండానే మొదటి మూడు నాలుగు నెలలు నడక తగ్గి ఉండటం కూడా చూస్తాం. ఒకటి, నెల రోజులు మంచం మీద ఉండి కండ కరిగిపోవడం. రెండోది కీమో దెబ్బ. నరకణం దెబ్బ తిన్నప్పుడు దానిలోని న్యూరోఫిలమెంట్ అనే ప్రొటీను రక్తంలోకి కారుతుంది, మార్పిడి, అంటే ఈ కణాలెక్కించడం, జరిగిన మొదటి నెలల్లో అది పెరిగినట్టు పరీక్షల్లో కనబడుతుంది. ఎమ్మారైలో మెదడు పరిమాణం కూడా మొదట్లో కాస్త వేగంగా తగ్గుతుంది, కొంత వాపు దిగడం వల్ల, కొంత కీమో వల్ల. తర్వాత ఆ వేగం నెమ్మదించి మామూలు మనుషుల స్థాయికి వస్తుంది. ముందే చక్రాల కుర్చీ దాకా వచ్చినవాళ్లకి ఈ దెబ్బ తట్టుకునే మిగులు తక్కువ, కొందరు ఎక్కాల్సిన మెట్టు ఎక్కకపోగా ఒక మెట్టు దిగిపోతారు, మళ్లీ ఎక్కరు. ఇది చేదు నిజం. మీ ఆవిడ నడుస్తూ వెళ్లారు కాబట్టి ఆవిడ లెక్క వేరు.

మతిమరుపు సంగతి. అన్నం పొయ్యి మీద పెట్టి మర్చిపోవడం, మాట నోటిదాకా వచ్చి ఆగిపోవడం, కీమో పడినవాళ్లలో నెలల తరబడి ఉంటుంది, మెల్లగా సర్దుకుంటుంది. కానీ స్పృహ లేనట్టు ఏదేదో మాట్లాడటం, పగలూ రాత్రీ తేడా తెలియకపోవడం, వాంతులతో తలనొప్పి, ఫిట్స్, ఒకవైపు చెయ్యీ కాలూ పడిపోవడం, ఇవి మతిమరుపు ఖాతాలో వేయొద్దు. 108కి ఫోన్ చేయండి.

ఇంకొక మాట, ఇది పెద్ద నగరాల డాక్టర్లకి తట్టకపోవచ్చు. మన రాయగడ, కోరాపుట్, గజపతి కొండల్లో జ్వరమంటే మలేరియా కూడా. ఫాల్సిపరం రకం నేరుగా మెదడుకెక్కుతుంది. స్క్రబ్ టైఫస్ అనే పురుగుకాటు జ్వరం కూడా మన దగ్గర ఉంది. రోగనిరోధక శక్తి పసిపిల్లాడి స్థాయిలో ఉన్న మనిషికి ఇవి ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా. 100.4 దాటిందంటే పారాసిటమాల్ మింగించి తెల్లారేదాకా చూడటం కాదు, డాక్టరుకి ఫోన్ ముందు, మాత్ర తర్వాత, రక్తపరీక్షల్లో మలేరియా పరీక్ష తప్పకుండా ఉండాలని మీరే అడగండి. దోమతెర ఏడాదంతా. చద్దన్నం, పఖాళ ఎంత ఇష్టమైనా డాక్టరు సరేననేదాకా వద్దు, అప్పటికప్పుడు వండినదే పెట్టండి. ఎప్పుడైనా రక్తం ఎక్కించాల్సి వస్తే రేడియేషన్ ఇచ్చిన రక్తమే కావాలి, మొదటి నెలల్లో ఇది ముఖ్యం, చిన్న ఆసుపత్రిలో అడగకపోతే మామూలు రక్తమే పెట్టేస్తారు. ఆ ముక్క డిశ్చార్జి కాగితం మీద ఎర్ర పెన్నుతో రాసి ఉంచండి.

పొలం సంగతి రాశారు. దానికి నా దగ్గర జవాబు లేదు బాబూ.

ప్రశ్న: సార్, నాకు 29. మూడేళ్ల నుంచి ఎమ్మెస్, ఎడమ కాలు ఈడుస్తాను, షాపులో కూర్చుని పనిచేస్తాను. మా ఊరికి ఒక ఏజెంటు వచ్చి బొడ్డుతాడు స్టెమ్ సెల్స్ వెన్నులోకి నాలుగు ఇంజెక్షన్లు వేస్తే తొడుగు మళ్లీ వస్తుందని, కీమో లేదని, సైడ్ ఎఫెక్టులు అసలు లేవని చెప్పాడు. ఒక్కో ఇంజెక్షన్ లక్షన్నర. లేచి నడుస్తున్నవాళ్ల వీడియోలు చూపించాడు. అడ్వాన్సు ఇవ్వమంటున్నాడు. ఇవ్వనా?
– రాయగడ

జవాబు: ఇవ్వకు తమ్ముడూ.

పైన గుణుపురం ఆవిడకి చేసిందీ నీకు ఇస్తానంటున్నదీ పేరొకటే, వైద్యం వేరు. ఈ పేరు ఒకటే కావడం వల్లే సగం మోసాలు నడుస్తున్నాయి. అక్కడ కణాలు రక్తం పుట్టించేవి, సొంతవి, వాటికంటే ముందు కీమో. నీకు ఇస్తానంటున్నవి మీసెంకైమల్ అనే ఇంకో రకం, అవీ ఇంకెవరివో. వీటిని అసలు ఎవరూ పరీక్షించలేదని కాదు. చాలా దేశాలు కలిసి 144 మంది ఎమ్మెస్ రోగుల మీద, వాళ్ల సొంత మూలగ నుంచి తీసిన మీసెంకైమల్ కణాలతో పరీక్ష జరిపాయి, ఫలితం 2021లో వచ్చింది. రక్తనాళంలోకి ఇచ్చారు. పెద్ద ప్రమాదాలేమీ జరగలేదు కానీ ఆరు నెలల దగ్గర ఎమ్మారైలో కొత్త మంటలు, అంటే జబ్బు చురుగ్గా ఉన్న మచ్చలు, తగ్గనూ లేదు. జాగ్రత్తగా పెంచి లెక్కపెట్టి ఇచ్చిన సొంత కణాల సంగతే అది, ఇక ఏ గదిలో పెంచారో తెలియని వాటి మాట నువ్వే ఆలోచించుకో.

సైడ్ ఎఫెక్టులు లేవన్నాడా? వెన్నులోకి ఏది ఎక్కించినా తలనొప్పి, జ్వరం, మెడ పట్టేయడం రావచ్చు, ఇవి చిన్నవి. వెన్నుపాము చుట్టూ ఉండే పొర వాచి నరాలు ఒకదానికొకటి అతుక్కుపోతే నడుం నుంచి కాళ్లదాకా మంట నొప్పి జీవితాంతం ఉండిపోతుంది. శుభ్రత లోపిస్తే మెదడువాపు. ఇంకా పెద్ద సంగతి ఒకటి 2016లో అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. 66 ఏళ్లాయన, పక్షవాతం తర్వాత చైనా, అర్జెంటీనా, మెక్సికో తిరిగి వెన్నులోకి స్టెమ్ సెల్స్ వేయించుకున్నాడు. కొన్నాళ్లకి వెన్నుపాములో గడ్డ పెరిగి నడుం కింద మళ్లీ చచ్చుబడింది. గడ్డలోంచి ముక్క తీసి డీఎన్ఏ చూస్తే అది ఆయనది కాదు, ఎక్కించిన కణాలదే. ఆయనకి ఎమ్మెస్ కాదు, కానీ వెన్ను వెన్నే కదా. అంతకుముందు, 2009లో, ఇజ్రాయెల్ పిల్లాడొకడికి మాస్కోలో ఎక్కించిన పిండకణాల నుంచి మెదడులో కణితి వచ్చినట్టు రాశారు. ఎక్కించినవన్నీ కణితులవుతాయని నేననడం లేదు. ఒకసారి ఎక్కించాక వెనక్కి తీయలేం, అదీ అసలు భయం. మాత్ర పడకపోతే మానేస్తావు, కణాన్ని ఏం చేస్తావు?

మన దేశంలో రూల్ కూడా చెబుతా. 2017 నాటి ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం ఆమోదించిన జబ్బులకి చేసే మూలగ మార్పిడి తప్ప మిగతా స్టెమ్ సెల్ వాడకమంతా పరిశోధన కిందికే వస్తుంది, మామూలు వైద్యంగా అమ్మకూడదు. పరిశోధన అంటే రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. లక్షన్నర అడిగినవాడు ఈ ఒక్క మాటతోనే దొరికిపోయాడు. 'మాది ట్రయల్' అంటే సీటీఆర్ఐ (మన దేశంలో వైద్య ప్రయోగాల పట్టిక) రిజిస్ట్రేషన్ నంబరు అడుగు, కేంద్రప్రభుత్వ వెబ్‌సైటులో ఎవరైనా చూసుకోవచ్చు. నంబరు అడిగిన తర్వాత ఏజెంటు ఫోన్ ఎత్తడం మానేస్తే, అదే నీ జవాబు.

వీడియోల గురించి: ఎమ్మెస్ దానంతటదే కొన్నాళ్లు వెనక్కి తగ్గే జబ్బు. తిరగబెట్టిన నెలలో ఇంజెక్షన్ వేసి మూడో నెలలో వీడియో తీస్తే ఎవరైనా నడుస్తారు. కొబ్బరినీళ్లు ఇచ్చినా నడుస్తారు.

ఆ ఆరు లక్షలూ దాచుకుని ముందు నువ్వు వాడుతున్న మందు సరిపోతోందో లేదో ఎమ్మారై తీసి చూపించుకో. ఏ మందు వాడుతున్నావో నువ్వు ఉత్తరంలో రాయనేలేదు. ఏదీ వాడకపోతే మాత్రం నాకు కోపం వస్తుంది. బరంపురం ఎంకేసీజీ ఆసుపత్రిలోనో విశాఖ కేజీహెచ్‌ ఆసుపత్రిలోనో చూపించుకోవచ్చు. ఇంకోటి, 2016 వికలాంగుల చట్టంలో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరుంది, సర్టిఫికెట్టుకి దరఖాస్తు పెట్టుకో, 'పైకి బాగానే ఉన్నావు కదా' అని గుమాస్తా అంటే చట్టం పేరు చెప్పు.

ప్రశ్న: మా అమ్మాయికి 26 సంవత్సరాలు, పెళ్లి కాలేదు. రెండేళ్లలో అయిదుసార్లు తిరగబెట్టింది. గట్టి మందు వాడినా స్కానులో కొత్త మచ్చలు వచ్చాయి. విశాఖలో న్యూరాలజిస్టు సొంత కణాల మార్పిడి గురించి ఆలోచించమన్నారు. నెట్‌లో చదివితే నిద్ర పట్టడం లేదు. మెదడు దెబ్బతింటుందా? ప్రాణం మీదికొస్తుందా? చేయిస్తే పెళ్లెలా, చేయించకపోతే బతుకెలా?
– ఒక తండ్రి, పర్లాకిమిడి

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను మాస్టారూ (చేతిరాత చూసి మాస్టారని అనుకుంటున్నాను, కాకపోతే క్షమించండి). అమ్మాయి లాంటివాళ్ల కోసమే ఈ వైద్యం. చిన్న వయసు, జబ్బు మొదలై ఎంతోకాలం కాలేదు, ఇంకా నడుస్తోంది, తరచూ తిరగబెడుతోంది, స్కానులో మంట కనబడుతోంది, మంచి మందు కూడా ఆపలేకపోయింది. ఇవన్నీ ఉన్నచోట ఫలితం బాగుంటుంది. తిరగబెట్టడాలు లేకుండా ఏళ్ల తరబడి మెల్లగా దిగజారేవాళ్లకి బాగుండదు. వాళ్లకే నరాల మీద కీమో దెబ్బ కూడా ఎక్కువ. విచిత్రమేమిటంటే మా దగ్గరికొచ్చి పట్టుబట్టి అడిగేది వాళ్లే, పాపం.

అంకెలు అడిగారు కాబట్టి చెబుతాను. 2019లో వచ్చిన మిస్ట్ అనే పరీక్షలో 110 మందిని సగం సగం చేసి, సగం మందికి మార్పిడి చేశారు, సగం మందికి మందులు మార్చి ఇచ్చారు. వైకల్యం ముదిరింది మార్పిడి వైపు ముగ్గురికి, మందుల వైపు 34 మందికి. ఎవరూ చనిపోలేదు. మందుల వైపు అన్నిటికన్నా గట్టి మందులు లేవన్న విమర్శ ఉంది, అది న్యాయమైనదే, ఇప్పటి గట్టి మందులతో పోల్చే పరీక్షలు వేరే దేశాల్లో నడుస్తున్నాయి. ప్రాణభయం సంగతి: 1995 నుంచి 2006 దాకా మార్పిడి జరిగిన 281 మంది లెక్కలు తీస్తే వంద రోజుల్లోపు ఎనిమిది మంది పోయారు. అప్పట్లో బాగా ముదిరినవాళ్లకి చేసేవారు, కీమోలు కూడా ఘాటైనవి. రోగిని ఎంచుకోవడం నేర్చుకున్నాక అనుభవమున్న చోట్ల అది నూటికి ఒకటి కంటే కిందికి దిగింది. సున్నా మాత్రం కాలేదు. కెనడాలో బుసల్ఫాన్‌తో 24 మందికి చేస్తే బతికినవాళ్లలో ఒక్కరికీ మళ్లీ తిరగబెట్టలేదు, కానీ ఒకరు చనిపోయారు. ఘాటు పెంచితే జబ్బు మీద పట్టూ పెరుగుతుంది, మూల్యమూ పెరుగుతుంది.

అందుకని మీరు ఆసుపత్రిలో అడగాల్సింది 'సక్సెస్ రేటెంత' అని కాదు, అందరూ తొంభై అంటారు. ఏ కీమో ఇస్తారు, ఎమ్మెస్ వాళ్లకి ఇప్పటిదాకా ఎంతమందికి చేశారు, వాళ్లలో ఫిట్స్ ఎవరికైనా వచ్చాయా, ఏడాది తర్వాత వెళ్లేటప్పటికంటే ఎక్కువ వైకల్యంతో ఉన్నది ఎందరు. కేన్సరు వాళ్లకి వెయ్యి మార్పిళ్లు చేసిన డాక్టరు గారైనా ఎమ్మెస్ రోగికి జ్వరంలో కాళ్లు పడిపోతే కంగారుపడవచ్చు, న్యూరాలజిస్టు రోజూ వార్డుకి వస్తారా అని కూడా అడగండి. అమ్మాయి ఇంతకుముందు నటలిజుమాబ్ వాడి ఉంటే తప్పకుండా చెప్పండి. ఆ మందు వాడినవాళ్లలో జేసీ వైరస్ మెదడుని తినేసే ప్రమాదం ఉంటుంది, అది లోపల మొదలై ఉన్న మనిషికి కీమో ఇస్తే ఇక ఆపలేం. కొంత వ్యవధి ఇచ్చి, ఎమ్మారై తీసి, అప్పుడే ముందుకెళ్లాలి.

పెళ్లి మాట. సైక్లోఫాస్ఫమైడ్ అండాలని దెబ్బ తీస్తుంది. 26 ఏళ్లకి నెలసరి తిరిగి రావడానికి మంచి అవకాశమే ఉంది, హామీ లేదు. కీమోకి ముందే అండాలు తీసి గడ్డకట్టించి దాచుకోవచ్చు, రెండు మూడు వారాల పని. చాలా ఇళ్లలో ఈ మాట తండ్రి ముందు ఎత్తడానికి అమ్మాయి సిగ్గుపడుతుంది, డాక్టరు హడావుడిలో ఉంటాడు, ఎవరూ అడగరు, తర్వాత తలపట్టుకుంటారు. మీరే ఎత్తండి. తల్లిదండ్రుల్ని బయట కూర్చోబెట్టి అమ్మాయితో ఒంటరిగా మాట్లాడమని డాక్టరుని అడగండి. నిర్ణయం 26 ఏళ్ల మనిషిది, మన ఇద్దరిదీ కాదు.

ఇది రాసి ముగించేలోపు నిన్న బరంపురం నుంచి ఒక టీచరమ్మ వాట్సాప్‌లో అడిగారు, అదీ ఇదే కోవలోది కాబట్టి చేర్చేస్తున్నాను.

ప్రశ్న: మార్పిడి జరిగి ఎనిమిది నెలలు. నడక బాగుంది, బడికి కూడా వెళ్తున్నాను. రెండు రోజుల నుంచి కుడి పక్కటెముకల వెంట నిప్పు పెట్టినట్టు మంట, ఇవాళ నీటిపొక్కులు కనబడ్డాయి. ఎమ్మెస్ వల్ల ఇదివరకు కూడా నడుం చుట్టూ బిగదీసినట్టు ఉండేది. ఇది తిరగబెట్టడమేనా? పక్కింటావిడ అక్కి రాయించుకోమంటోంది.

జవాబు: అమ్మా, పక్కింటావిడ జబ్బుని సరిగ్గానే పోల్చింది, వైద్యమే తప్పు. ఎమ్మెస్ బిగింపు ఎక్కువగా నడుం చుట్టూ వస్తుంది, ఒక్కోసారి ఒక వైపే రావచ్చు, కానీ పొక్కులు రావు. మీది అక్కి, సర్పి అని కూడా అంటారు. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ వైరస్ నరం మొదట్లో నక్కి ఉండి, రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు లేస్తుంది. మార్పిడి తర్వాత మొదటి ఏడాది అది బాగా ఎక్కువ, అందుకే ఎసైక్లోవిర్ మాత్రలు నెలల తరబడి ఇస్తారు. మీరు ఎప్పుడు మానేశారు? మందు అయిపోయి మానేశారో, బాగుందని మానేశారో, డాక్టరు మాన్పించారో, అది మీ మార్పిడి డాక్టరుకి ఇవాళే చెప్పండి. పొక్కులు లేచిన మూడు రోజుల్లోపు మందు పడాలి, మీలాంటివాళ్లకి ఒక్కోసారి ఇంజెక్షన్ రూపంలోనే ఇవ్వాల్సి వస్తుంది. నుదుటి మీదో ముక్కు కొన మీదో లేస్తే కంటికి ముప్పు, తలనొప్పీ మత్తూ తోడైతే మెదడుకి, అప్పుడు రేపటిదాకా కూడా ఆగకూడదు.

అక్కి రాయడానికి వాడే జేగురు మన్ను పూస్తే పగిలిన పొక్కుల్లో చీము పడుతుంది, వద్దు. పొక్కులు ఎండిపోయి పెచ్చు కట్టేదాకా బడి మానేయండి, ఆటలమ్మ రాని పసిపిల్లలకి అంటుకుంటుంది. ఎండిపోయాక కూడా ఆ మంట నెలల తరబడి ఉండిపోవచ్చు. దానికి మామూలు నొప్పి మాత్రలు పనిచేయవు, గాబాపెంటిన్ లాంటివి రాసిస్తారు. ఈలోపు వదులుగా ఉండే మెత్తటి నూలు జాకెట్టు తొడుక్కోండి, ఫ్యాను గాలి నేరుగా తగలనివ్వకండి.